'మరి కొందరి'లో ఒక అమ్మ

రాయలసీమ కథల్లో స్త్రీ పాత్రల మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో నాకో అలవాటు పడింది. ఏ కథ చదివినా నోటుపుస్తకంలో ఒక పేజీని నిలువుగా రెండు చేసి, పేరున్న ఆడవాళ్ళను ఒకవైపు, పేరు లేని ఆడవాళ్ళను ఇంకోవైపు రాసుకునేదాన్ని. 'ఫలానా రెడ్డి పెండ్లాం', 'చచ్చిపోయినోని తల్లి', 'ఆ ఇంటి కోడలు'. ఈ రెండో వైపే ఎప్పుడూ ముందు నిండిపోయేది. డాక్టరేట్ వచ్చాక నోటుపుస్తకం అటకెక్కింది గానీ అలవాటు పోలేదు. కోర్టు తీర్పులు, జీవోలు, చట్టాలు చదువుతున్నా నా చూపు ముందు అక్కడికే పోతుంది. ఇందులో ఆడమనిషి ఎక్కడుంది? పేరుతో ఉందా, పేరు లేకుండా ఉందా? వాక్యంలో కర్తగా ఉందా, కర్మగా ఉందా?

న్యాయశాస్త్రం చదువుకోని నేను మానవ హక్కుల చట్టం గురించి రాయడానికి నాకున్న అర్హత ఈ అలవాటొక్కటే. చట్టం కూడా ఒక రచనే. దాన్నీ ఎవరో కొందరు, ఎవర్నో మనసులో పెట్టుకుని రాస్తారు. ఇంకెవర్నో మర్చిపోయి రాస్తారు. అలా మర్చిపోయిన వాళ్ళెవరో వెతకడం విమర్శకుల పనే కదా.

మా జమ్మలమడుగు దాటి ఉత్తరంగా పోతే కోవెలకుంట్ల వస్తుంది. అప్పుడది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. 1977 మే నెలలో ఒక రాత్రి అక్కడి సబ్ జైలు గదిలోకి బాంబులు విసిరారు. అవుకు పోలీస్ స్టేషన్ కేసులో రిమాండులో ఉన్న చల్లా చిన్నప్పరెడ్డి చనిపోయాడు. అదే గదిలో ఉన్న కొడుకు రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డాడు. తమ ప్రాణాలకు ముప్పుందని వాళ్ళు ముందే చెప్పుకున్నారు. అయినా సరైన కాపలా లేదు. ప్రభుత్వ నిర్లక్ష్యం వల్లే ఈ చావు జరిగిందని, 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని కుటుంబం దావా వేసింది. కింది కోర్టు కొట్టేసింది. 1989లో హైకోర్టు 1,44,000 రూపాయలు ఇమ్మని చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. జైలు నడపడం సార్వభౌమాధికారానికి సంబంధించిన పని, అందులో పొరపాటు జరిగినా దావా చెల్లదు అని వాదించింది. 2000 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన బతికే హక్కు ముందు సార్వభౌమాధికారం పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదంది. ఖైదీ అయినంత మాత్రాన ఆ హక్కు పోదంది.

ఇది ఎంత పెద్ద మాటో తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి పోవాలి. 1964లో అదే సుప్రీంకోర్టు ముందుకు ఒక బంగారు వ్యాపారుల కేసు వచ్చింది. పోలీసులు స్వాధీనం చేసుకుని స్టేషన్లో పెట్టిన బంగారాన్ని అక్కడి హెడ్ కానిస్టేబులే ఎత్తుకుని దేశం దాటిపోయాడు. అయినా ప్రభుత్వం పరిహారం ఇవ్వక్కర్లేదని తీర్పు వచ్చింది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఈ తీర్పు చదివినప్పుడు మా వీధి షేట్లు ఏమంటారో అని నవ్వొచ్చింది. బంగారానికే దిక్కు లేని చోట మనిషి ప్రాణానికి ఒక దారి తెరిచింది మా సీమ కేసు. కక్షల నేల అని పేరుపడ్డ చోటు నుంచి దేశానికి ఒక హక్కు వచ్చింది. ఈ సంగతి మా జిల్లా పాఠ్యపుస్తకాల్లో గానీ, మా ఊళ్ళ పేర్లు అరిచి చెప్పే సినిమాల్లో గానీ నేనెక్కడా చూడలేదు.

నా అలవాటు కొద్దీ ఆ తీర్పులో ఆడవాళ్ళ కోసం వెతికాను. దావా వేసినవాళ్ళు రామకృష్ణారెడ్డి, ఆయన నలుగురు సోదరులు, వాళ్ళ తల్లి. కేసు పేరు మాత్రం 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ చల్లా రామకృష్ణారెడ్డి మరి కొందరు'. భర్తను పోగొట్టుకున్న ఆ తల్లి 'మరి కొందరి'లో ఉంది. నోటుపుస్తకం అటక మీదనుంచి దింపి రెండో వైపు రాసుకున్నాను.

ఇంకోమాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ కుటుంబం దిక్కులేనిది కాదు. రామకృష్ణారెడ్డి శాసనసభకు ఎన్నికయిన నాయకుడు. 1977 నుంచి 2000 దాకా, 23 ఏళ్ళు ఒక కేసును మోయగల శక్తి ఉన్నవాళ్ళు. హక్కు ఎవరి ద్వారా వచ్చినా అది అందరిదే, ఆ కుటుంబం ఎంత బలమైనదైనా జైల్లో బాంబు వేసి చంపించుకోవాల్సిన పని లేదు. నన్ను తొలిచింది వేరే ప్రశ్న. 23 ఏళ్ళు మోయలేనివాళ్ళ సంగతేమిటి? ఆ ప్రశ్న నాకు మా ఇంట్లోనే ఉంది.

*

మా అమ్మకు అక్క. పెద్దమ్మ. ప్రొద్దుటూరు పిల్లను జమ్మలమడుగు తాలూకాలో ఒక ఊరికిచ్చారు. నాకు ఆరేడేళ్ళప్పుడు, 1990ల నడుమ, పొలం నుంచి వస్తున్న పెద్దనాయన్ను దారి కాచి చంపారు. ఆయన నాయకుడేమీ కాదు. నాయకుని వెనక నడిచినవాడు. అట్లాంటివాళ్ళే ఎక్కువ చచ్చేది. చంపుతారని వారం ముందు నుంచే ఊరందరికీ తెలుసు. పెద్దమ్మ మామ పోయి పోలీసులకు చెప్పుకొచ్చాడు కూడా. ఏ స్టేషనో ఇక్కడ అనవసరం.

పెద్దమ్మ మూల కూర్చుంది. మొగుడు పోయిన ఆడమనిషి ఎన్నాళ్ళు గడప దాటకూడదన్నది మా వైపు కులాన్ని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది. పెద్దమ్మ ఏడాది బయటికి రాలేదు. ఆ ఏడాదిలో పోలీసులు వచ్చి మామతో మాట్లాడారు, మరిదితో మాట్లాడారు. ఫిర్యాదు మామ పేరు మీద పోయింది. సాక్షులందరూ మగవాళ్ళు. కొన్నేళ్ళకు రాజీ జరిగింది, అందులో కూర్చున్నదీ మగవాళ్ళే. సాక్షులు మాట మార్చారు. కేసు పోయింది. ఆ సంగతి పెద్దమ్మకు వంటింట్లో ఉండగా ఎవరో వచ్చి చెప్పారు.

రెండేళ్ళ కిందట వేసవిలో పెద్దమ్మ దగ్గర కూర్చుని 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం చదువుకుంటున్నాను. పెద్దమ్మ చింతపండులో గింజలు తీస్తా ఉంది.

"ఏందిమే అది, కతా?" అనింది.

"కాదు పెద్దమ్మా, చట్టం. సర్కారోళ్ళు మన హక్కుకు అడ్డమొచ్చినా, ఆపాల్సిన చోట ఆపకపోయినా చెప్పుకునేదానికి కమిషనని ఒకటుంది. దాని గురించి."

"ఎవురైనా చెప్పుకోవచ్చునా?"

"ఎవరైనా. కాకపోతే జరిగిన ఏడాది లోపలే చెప్పుకోవల్ల."

పెద్దమ్మ చేతిలో పని ఆపలేదు. "ఏడాదా? నేను గడప దాటేదానికే ఏడాది పట్టె గదమ్మే" అనింది.

ఆ చట్టంలో 36వ సెక్షన్ రెండో ఉపవిభాగం చెప్పేది ఇదే. ఉల్లంఘన జరిగిందంటున్న రోజు నుంచి ఏడాది దాటితే జాతీయ కమిషన్ గానీ రాష్ట్ర కమిషన్ గానీ ఆ విషయాన్ని విచారించకూడదు. ఆ వాక్యానికి మినహాయింపు లేదు. ఉల్లంఘన ఇంకా కొనసాగుతోందని వాదించుకోవచ్చు గానీ అది వకీలు ఉన్నవాళ్ళు చేసే వాదన. కోవెలకుంట్ల కేసులో కూడా ప్రభుత్వం చెప్పిన అభ్యంతరాల్లో ఒకటి ఏడాది గడువు దాటిపోయిందన్నదే! బ్రిటన్ 1998లో చేసుకున్న మానవ హక్కుల చట్టంలోనూ గడువు ఏడాదే. కానీ ఆ వెంటనే ఇంకో మాట ఉంది. పరిస్థితులన్నీ చూసి న్యాయమనిపిస్తే కోర్టు ఆ గడువు పెంచవచ్చునని. ఆ ఒక్క మాటలో పెద్దమ్మ లాంటివాళ్ళకు కూర్చునేంత చోటుంది. మన వాక్యం రాసినవాళ్ళ ఊహలో ఫిర్యాదు చేసే మనిషి ఎవరు? తెల్లారి లేచి, చొక్కా తొడుక్కుని, బస్సెక్కి పోగలిగిన మనిషి. మూల కూర్చున్న మనిషి వాళ్ళ ఊహకు రాలేదు.

*

ఈ చట్టాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివితే ఒక సాహిత్య విద్యార్థికి కలిగే మొదటి అనుమానం దాని పేరు మీదే. పేరేమో మానవ హక్కుల పరిరక్షణ చట్టం. లోపల అధ్యాయాలు చూస్తే జాతీయ కమిషన్ నిర్మాణం, దాని విధులు, విచారణ పద్ధతి, రాష్ట్ర కమిషన్లు, కోర్టులు, జమాఖర్చులు. ఈ దేశంలో మనిషికి ఉన్న హక్కులు ఇవీ అని వరసగా చెప్పే అధ్యాయం లేదు. హక్కుల నిర్వచనం ఒక్క వాక్యంలో అయిపోయింది. 1993 అక్టోబర్ 12న జాతీయ కమిషన్ ఏర్పడింది. అది ఎన్నో మంచి పనులు చేసిందని ఒప్పుకోవడంలో నాకేమీ ఇబ్బంది లేదు. కానీ కమిషన్ను పుట్టించిన చట్టం వేరు, హక్కును నిలబెట్టే చట్టం వేరు. ఈ రెండో చట్టం మనకింకా లేదు.

18వ సెక్షన్ ప్రకారం కమిషన్ విచారణ తర్వాత చేయగలిగింది సిఫార్సు. పరిహారం ఇవ్వండి, కేసు పెట్టండి అని ప్రభుత్వానికి చెప్పగలదు. ఇచ్చి తీరాలని ఆదేశించలేదు. 30వ సెక్షన్ ప్రకారం జిల్లాకొక సెషన్స్ కోర్టును మానవ హక్కుల కోర్టుగా ప్రకటించవచ్చు. బాగుంది. కానీ ఆ కోర్టులో విచారించాల్సిన మానవ హక్కుల నేరాలేమిటో చట్టం చెప్పలేదు! వేదిక కట్టి నాటకం రాయడం మర్చిపోయినట్టుంది. ఇక మన రాష్ట్ర కమిషన్ ఏర్పడింది 2005లో, హైదరాబాదులో. పెద్దనాయన పోయిన కాలానికి రాష్ట్రంలో అదీ లేదు. ఢిల్లీలో ఉన్నదొకటే. రాష్ట్రం విడిపోయి ఏళ్ళు గడిచాక 2021లో ఆంధ్రప్రదేశ్ కమిషన్ను కర్నూలుకు మార్చారు. దూరం తగ్గింది. వాక్యం మారలేదు.

సాహిత్యం ఈ లోటును పూడ్చిందా? సినిమా సంగతి చెప్పక్కర్లేదు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చాక పదేళ్ళ పాటు మా ఊళ్ళ పేర్లు తెర మీద బాంబుల్లా పేలాయి. నేను చూసిన ఆ సినిమాల్లో మొగుడు పోయిన ఆడవాళ్ళు రెండే పనులు చేస్తారు. పగ తీర్చమని కొడుకును రెచ్చగొడతారు, లేకపోతే పగ వద్దని కాళ్ళు పట్టుకుంటారు. ఒక్క ఆవిడైనా అర్జీ రాసుకుని ఆఫీసు మెట్లెక్కిన దృశ్యం నాకు గుర్తు లేదు. సీమ కథకులు ఇంతకంటే చాలా నయం. కేతు విశ్వనాథరెడ్డి నుంచి తర్వాతి తరాల దాకా, కరువు, నీళ్ళు, నాయకుల చేతిలో నలిగే ఊరు, వలస, ఇవన్నీ లోపలి నుంచి చూసి రాశారు. సింగమనేని నారాయణ 1992లో 'సీమ కథలు' సంకలనం తెచ్చినప్పుడు ఈ ప్రాంతపు దుఃఖానికి ఒక చిరునామా దొరికింది. నేను వాళ్ళకు రుణపడి ఉన్నాను. అయినా నా నోటుపుస్తకంలో రెండో వైపు నిండింది వాళ్ళ కథలతోనే. మన మంచి కథకుల్లో కూడా ఆడమనిషి దుఃఖానికి సాక్షిగా కనిపించినంతగా హక్కుకు వాదిగా కనిపించదు. కథలో లేని మనిషిని చట్టం ఎక్కణ్ణించి తెస్తుంది?

*

పెద్దమ్మ ఊరు ఇప్పుడు లేదు. పెన్నా మీద కట్టిన గండికోట జలాశయంలో మునిగిన ఊళ్ళలో అదొకటి. 26 టీఎంసీలకు పైగా నిల్వ చేయగల జలాశయం అది. 2020లో నీటి మట్టం పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరు ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన సంగతి, పరిహారం పూర్తిగా ఇచ్చాకే నీళ్ళు పెట్టమని జనం రోజుల తరబడి కూర్చున్న సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సీమకు నీళ్ళు కావాలి, ఆ మాట కాదనే సీమ మనిషి ఉండదు. ఆ నీళ్ళకోసం ఎవరి ఇల్లు మునిగింది, వాళ్ళను ఎట్లా లెక్కబెట్టారు అన్నదే నా విషయం.

లెక్క రాసుకోడానికి వచ్చినాయన పెద్దమ్మ ఇంటిని ఒక కుటుంబంగా రాసుకున్నాడు. ఆ కుటుంబం పెద్దమ్మ కొడుకుది. పెద్దమ్మ అందులో తల్లి. మా అక్క, అంటే పెద్దమ్మ కూతురు, అప్పటికి ఇరవై నాలుగేళ్ళది, పెళ్ళి కాలేదు. కక్షలున్న ఇంటి పిల్లని చేసుకోడానికి ఎవరూ ముందుకు రాలేదు. మిషను కుట్టి సంపాదించేది. అదే ఈడు మగపిల్లవాడైతే వేరే కుటుంబం, వేరే ఇంటిస్థలం, వేరే సాయం. అక్క అన్న కుటుంబంలో ఒక అంకె.

రాసుకున్నాయన తప్పు లేదు. ఆయన చేతిలో ఉన్న వాక్యమే అట్లా ఉంది. 2005లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన పునరావాస విధానంలో గానీ, 2007 నాటి జాతీయ విధానంలో గానీ కుటుంబం అంటే మనిషి, భార్య లేక భర్త, మైనరు కొడుకులు, పెళ్ళికాని కూతుళ్ళు, ఆధారపడిన తల్లీతండ్రీ. కొడుకుకు వయసు కొలత, కూతురికి పెళ్ళి కొలత! కొడుకు పద్దెనిమిది దాటితే మనిషవుతాడు. కూతురు నలభై దాటినా పెళ్ళి కాకపోతే ఒకరి ఇంట్లో భాగమే, అయితే ఇంకొకరి ఇంట్లో భాగం. ఏ వయసులోనూ ఆమె తనంతట తాను ఒక లెక్క కాదు. పితృస్వామ్యం మీద మనం పుటలకు పుటలు రాశాం. అది ఒక నిర్వచనంలో రెండు మాటల మధ్య ఎంత హాయిగా కూర్చుందో చూడండి.

2013లో వచ్చిన భూసేకరణ, పునరావాస చట్టం ఈ వాక్యాన్ని మార్చింది. వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్ళు, కుటుంబం వదిలేసిన స్త్రీలు వేరే కుటుంబాలు. ఆడైనా మగైనా వయసొచ్చిన ప్రతి మనిషీ వేరే కుటుంబమే. నిర్వాసితుల ఉద్యమాలూ స్త్రీల ఉద్యమాలూ ఏళ్ళ తరబడి అడిగితే వచ్చిన మార్పు అది. అక్కకు అది ఆలస్యంగా వచ్చిన వాక్యం. కానీ నాకు ఒక నమ్మకం ఇచ్చింది. చట్టంలో వాక్యం మారితే భూమి మీద ఒక ఇంటిస్థలం పుడుతుంది. వాక్యాల కోసం పోట్లాడటం వట్టి పండితుల పని కాదు.

*

పులివెందుల దగ్గర వేముల మండలంలో తుమ్మలపల్లె ఉంది. అక్కడి యురేనియం గని మీద 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2012లో శుద్ధి కర్మాగారం మొదలైంది. శుద్ధి చేయగా మిగిలిన వ్యర్థాలు నింపే గుంట చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, ముఖ్యంగా కొట్టాల వాళ్ళు, బోరు నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని చెబుతూ వచ్చారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కంపెనీకి నోటీసు ఇచ్చింది. తమ వల్ల నీళ్ళు పాడు కాలేదన్నది కంపెనీ మాట. నిజం తేల్చాల్సింది ఎవరు, తేల్చమని అడిగే హక్కు ఎవరికుంది అన్నది నా ప్రశ్న. ఆ నీళ్ళు తెచ్చేదీ, వాటితో వండేదీ, పిల్లల ఒళ్ళు కడిగేదీ ఆడవాళ్ళు. కూలికి అరటి తోటలోకి దిగేదీ వాళ్ళే. తోట ఎండితే రైతుకు నష్టపరిహారం అనే మాటైనా వస్తుంది. తోట ఎండిన కూలిమనిషికి ఏ మాటా లేదు.

ఇక్కడ చట్టం నిర్వచనం దగ్గరికి పోదాం. మానవ హక్కులంటే జీవితం, స్వేచ్ఛ, సమానత్వం, గౌరవాలకు సంబంధించి రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కులు, లేదా అంతర్జాతీయ ఒడంబడికల్లో ఉండి 'మరియు' భారతదేశపు కోర్టుల్లో అమలుకు వీలైన హక్కులు. ఆ 'మరియు' దగ్గర ఆగండి. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలో భారతదేశం 1979లో చేరింది. అందులో 11వ అధికరణం తిండి, ఇల్లు, తగిన బతుకు గురించి, 12వ అధికరణం ఆరోగ్యం గురించి చెబుతాయి. ప్రపంచం ముందు ఒప్పుకున్న ఈ హక్కుల్ని ఇంటికొచ్చాక 'మరియు' అనే మాటతో తలుపు బయట నిలబెట్టారు. కోర్టు అంతకుముందే గుర్తించి ఉంటే లోపలికి రా, లేకపోతే లేదు. మంచి నీళ్ళు బతికే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో ఒక బీహారు కేసులో చెప్పిన మాట నిజమే. కానీ ఆ హక్కు ఎక్కడుంది? తీర్పుల గ్రంథాల్లో ఉంది. వేముల మండలంలో ఒక స్త్రీ చట్టం తెరిచి, ఇదిగో ఇది నా హక్కు, దీనికి జవాబు చెప్పాల్సింది ఫలానావారు అని వేలు పెట్టి చూపించగల చోట లేదు.

*

రాజ్యాంగం ఉంది కదా, ప్రాథమిక హక్కులున్నాయి కదా, ఇంకో చట్టం దేనికి అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1993లోనే ఒడిశాలో నీలావతి బెహరా అనే తల్లి పోలీసు కస్టడీలో చనిపోయిన కొడుకు గురించి రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు లక్షన్నర పరిహారం ఇప్పించింది. ఆ కేసు ఆమె పేరు మీదే ఉంది. నా నోటుపుస్తకంలో మొదటి వైపు రాసుకున్న కొద్ది పేర్లలో అదొకటి. కానీ ఉత్తరం ఢిల్లీ దాకా పోయి, ఎవరో చదివి, పట్టించుకోవడం అదృష్టం. హక్కు అదృష్టం మీద ఆధారపడకూడదు. హైకోర్టు మాకు ముందు హైదరాబాదు, 2019 నుంచి అమరావతి. ప్రొద్దుటూరు నుంచి ఏదైనా ఒక రాత్రి ప్రయాణమే.

చట్టాలు చేస్తే ఏమొరిగింది అనే నిట్టూర్పు మనలోనూ ఉంది. 498ఎ చూశాం, గృహహింస చట్టం చూశాం, అమల్లో ఎంత నీరుగారాయో చూశాం. అయినా 2005 నాటి గృహహింస చట్టాన్ని ఒక్కసారి రచనగా చదవండి. అందులో వాక్యానికి కర్త స్త్రీ. తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎవరి మీద పెట్టాలో ఉంది, ఎవరి దగ్గర పెట్టాలో ఉంది, మేజిస్ట్రేటు ఏమి ఇవ్వవచ్చో ఉంది, ఆ ఆదేశం మీరితే శిక్ష ఉంది. ఇల్లు అనే చోట ఇట్లాంటి చట్టం రాయగలిగినప్పుడు ఊరు అనే చోట, స్టేషను అనే చోట, గని అనే చోట ఎందుకు రాయలేం?

1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడినప్పుడు బాలగోపాల్, ఆయన మిత్రులు నొక్కి చెప్పింది ఒకటుంది. రాజ్యం చేసే హింసతో పాటు కులం, పితృస్వామ్యం, ఊరి పెత్తనం వంటి ఆధిపత్యాలన్నీ హక్కుల ప్రశ్నలే అని. మా మూడు ఊళ్ళ అనుభవం ఆ మాటను రుజువు చేస్తుంది. పెద్దనాయన్ను చంపింది సర్కారు కాదు. కానీ ముందే తెలిసీ ఆపనిది సర్కారు. పెద్దమ్మను మూల కూర్చోబెట్టింది ఇల్లు. ఆ మూలను లెక్కలోకి తీసుకోకుండా ఏడాది గడువు పెట్టింది చట్టం. ఇవి మూడూ వేరు వేరు కాదు, ఒకదాని చేతిలో ఒకటి చెయ్యేసుకుని నడుస్తాయి. కాబట్టి మనకు కావలసిన జాతీయ మానవ హక్కుల చట్టంలో హక్కులు వరసగా రాసి ఉండాలి. నీళ్ళూ ఆరోగ్యమూ అందులో ఉండాలి. ప్రతి హక్కుకూ జవాబుదారు పేరు ఉండాలి. హక్కు కుటుంబానిది కాక మనిషిది కావాలి. గడువు ఉంటే ఉండనీ, నోరు తెరవగలిగిన రోజు నుంచి లెక్క మొదలవ్వాలి. జిల్లా కోర్టులోనే ఆదేశం రావాలి. 2019లో చట్టాన్ని సవరించి జాతీయ కమిషన్లో కనీసం ఒక స్త్రీ సభ్యురాలు ఉండాలన్నారు. సంతోషం. కమిషన్ కుర్చీలోనే కాదు, ఫిర్యాదు రాసే కలం దగ్గరా ఆమె ఉండాలి.

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన ముసాయిదాలో మొదటి అధికరణం 'పురుషులందరూ' అనే మాటతో ఉంటే, భారత ప్రతినిధి హంసా మెహతా పట్టుబట్టి 'మనుషులందరూ' అని మార్పించింది. ఆమెకు ఆ మాటలో ఉన్న ప్రమాదం తెలుసు. దాన్ని మనం తెలుగులో 'మానవ హక్కులు' అనుకున్నాం. మా పులివెందుల వైపు పైడిపాలెంలో పుట్టిన రారా 'అనువాద సమస్యలు' అని ఒక పుస్తకమే రాశారు. ఆయన ఉంటే ఈ చట్టం తెలుగులోకి ఎట్లా రావాలో అడిగేదాన్ని. ఎందుకంటే మన వ్యాకరణంలోనే ఒక చిక్కు ఉంది. ఆయన వచ్చాడు. ఆమె వచ్చింది. బండి వచ్చింది. ఒంటరి స్త్రీకీ బండికీ ఒకటే క్రియ. నలుగురు స్త్రీలు కలిస్తే మాత్రం 'వచ్చారు' అంటాం, అప్పుడు మనుషుల క్రియ దొరుకుతుంది. ఒక్క ఆడమనిషిని ఒక్కటిగా మనిషిని చేసే వాక్యం మన భాషలోనూ చట్టంలోనూ ఇంకా రాయాల్సే ఉంది.

ఈ వ్యాసం రాస్తున్నానని, నీ సంగతి కూడా రాస్తున్నానని పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడు ప్రొద్దుటూరులో అక్క దగ్గరే ఉంటోంది. నీ పేరు పెట్టేదా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు.

"వొద్దులే పాపా. వాళ్ళ పిల్లోళ్ళు, మన పిల్లోళ్ళు అందురూ ఈన్నే తిరుగుతాండారు. పెద్దమ్మ అనే రాయి" అనింది.

అట్లాగే రాశాను. నా నోటుపుస్తకంలో ఆమెను కూడా రెండో వైపే రాసుకోవాల్సి వచ్చింది.